మర్దన ఎక్కడ పనిచేస్తుంది, ఎంతకాలం పనిచేస్తుంది

మర్దన చేయించుకుని లేచిన మనిషి ఒళ్ళు తేలికపడిందంటే ఆ మాటను ఎవరూ కాదనరు, కాదనవలసిన పనీ లేదు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నల దగ్గర మొదలవుతుంది. ఆ తేలికదనం ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నాళ్ళు నిలుస్తుంది, వారం వారం చేయించుకుంటే పెరుగుతూ పోతుందా లేక ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తుందా, వైద్యుడు రాసిచ్చే చికిత్సల సరసన దానికి చోటు ఇవ్వవచ్చా అన్నవి ఆ ప్రశ్నలు. వీటికి జవాబుగా చెలామణీలో ఉన్న మాటల్లో నిజమూ ఊహా విడదీయరానంతగా కలిసిపోయాయి. ఒంట్లోని మలినాలు బయటికి పోతాయని, లాక్టిక్ ఆమ్లం కరిగిపోతుందని, రక్తప్రసరణ పెరిగి సకల రోగాలూ నయమవుతాయని చెప్పేవారు ఒకవైపు ఉంటే, ఇదంతా కాసేపటి సుఖం తప్ప మరేమీ కాదని తీసిపారేసేవారు ఇంకోవైపు ఉన్నారు. గత నలభై ఏళ్ళలో జరిగిన పరిశోధనను ఓపికగా చదివితే రెండు పక్షాలూ అసలు విషయానికి కొంత దూరంలో ఉన్నాయని తెలుస్తుంది. మర్దన చేసే మేలు నిజమైనదే, కానీ అది ప్రధానంగా కండరంలో కాక నాడీవ్యవస్థలో జరుగుతుంది. దానికో మోతాదు ఉంది, ఒక గడువూ ఉంది. క్రమం తప్పకుండా చేయించుకోవాలా వద్దా అన్నది ఆ మోతాదునూ గడువునూ బట్టి తేల్చుకోవలసిన సంగతి.

ఇక్కడ మర్దన అంటే శిక్షణ పొందినవారు చేతులతో చర్మాన్నీ దాని కింది మెత్తని కణజాలాన్నీ ఒక పద్ధతి ప్రకారం నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, కంపించేలా కదపడం. ఈ ఐదు కదలికల మేళవింపునే ప్రపంచమంతటా స్వీడిష్ మసాజ్ అంటున్నారు. 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థను నెలకొల్పిన పెర్ హెన్రిక్ లింగ్ దీనికి ఆద్యుడని చాలాచోట్ల రాస్తారు గానీ, ఈ కదలికలను ఇప్పుడున్న వరుసలో పెట్టిన ఘనత ఎక్కువగా డచ్ వైద్యుడు యోహాన్ మెట్స్‌గర్‌ది. పేరు స్వీడన్‌ది, పద్ధతి హాలండ్‌ది, కదలికల పేర్లేమో ఫ్రెంచివి. మర్దన గురించి ప్రచారంలో ఉన్న మాటలను ఎందుకు సరిచూసుకోవాలో చెప్పడానికి ఈ చిన్న చరిత్రే చాలు.

చేతి కింద జరిగేది

మోచేయి గోడకు తగిలితే మనం ఆలోచించకుండానే రెండో చేత్తో అక్కడ రుద్దుకుంటాం, నొప్పి కొంత సద్దుమణుగుతుంది. ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వివరణ ఇచ్చారు. స్పర్శను, ఒత్తిడిని మోసుకెళ్ళే నాడీతంతువులు లావుగా ఉంటాయి, వాటిలో సంకేతం సెకనుకు యాభై మీటర్ల వేగంతో పరుగెడుతుంది. నొప్పిని మోసుకెళ్ళేవాటిలో చాలా భాగం సన్నని తంతువులు, వాటి వేగం చాలా తక్కువ. ఈ రెండు రకాల సంకేతాలూ వెన్నుపాములో ఒకేచోట చేరుతాయి. అక్కడ ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శ సంకేతాలు దండిగా వచ్చినప్పుడు అది నొప్పి సంకేతాలను మెదడు దాకా పోనివ్వకుండా కొంతమేర అడ్డుతుందనీ వారు ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంలోని వివరాలు తర్వాత చాలా సవరణలకు లోనైనా, నొప్పి అనేది దెబ్బ తగిలిన చోటి నుంచి మెదడుకు తిన్నగా చేరే వార్త కాదనీ దారిలోనే దాన్ని హెచ్చించడం, తగ్గించడం జరుగుతాయనీ చెప్పిన మూలభావం ఈనాటికీ నిలిచి ఉంది. మర్దన చేసే చేతికి దొరికే మొదటి పట్టు ఇదే.

రెండో పట్టు మరింత ఆసక్తికరమైనది. వెంట్రుకలు మొలిచే చర్మంలో సి-టాక్టైల్ అనే ప్రత్యేకమైన నాడీతంతువులు ఉన్నాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు వీటిని మనుషుల్లో ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. ఇవి సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో తాపీగా సంకేతాన్ని పంపుతాయి, కాబట్టి ఏ వస్తువు ఎక్కడ తగిలిందో చెప్పడానికి ఇవి పనికిరావు. ఇవి పట్టించుకునేది నిమరడాన్ని. అది కూడా సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంలో, మనిషి చర్మానికి ఉండేంత వెచ్చదనంతో నిమిరినప్పుడే ఇవి బాగా స్పందిస్తాయి. అంతకన్నా వేగంగా రుద్దినా, మరీ నెమ్మదిగా జరిపినా వీటి స్పందన తగ్గిపోతుంది. ఈ సంకేతాలు చేరేది మెదడులో ఇన్సులా అనే భాగానికి, అంటే మన ఒంటి లోపలి స్థితిని, అది సుఖంగా ఉందా లేదా అన్న భావాన్ని కూర్చే చోటికి. స్పర్శలో సమాచారం మోసే దారి ఒకటి, ఆప్యాయత మోసే దారి మరొకటి ఉన్నాయని నాడీశాస్త్రం చెబుతున్న మాట నన్ను మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఆలోచనలో పడేసింది. పసిబిడ్డను నిమిరే తల్లి చేతి వేగాన్ని ఎవరూ ఆమెకు నేర్పలేదు, అయినా అది సరిగ్గా ఈ కొలతలోనే ఉంటుంది.

ఈ రెండింటి ఫలితంగా ఒంట్లో కలిగే మార్పులను కొలవవచ్చు. గుండె వేగం కొంత తగ్గుతుంది, రక్తపోటు కాసేపు దిగుతుంది, ఊపిరి నిదానిస్తుంది. నొప్పి ఉన్నచోట కండరం తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది, బిగుసుకున్న కొద్దీ మళ్ళీ నొప్పి పుడుతుంది; నొప్పి కాసేపు అణగితే ఆ బిగువు సడలడానికి వీలు చిక్కుతుంది. మర్దన చేసేవారు వేళ్ళతో ముడిని విప్పామని అంటారు. నిజానికి ఆ బిగువును సడలించమన్న ఆజ్ఞ వెన్నుపాము నుంచి, మెదడు నుంచి వచ్చింది; వేళ్ళు ఆ ఆజ్ఞను రప్పించాయి. ఈ తేడా మాటల తేడాలా కనిపించవచ్చు గానీ, ఎంత గట్టిగా నొక్కితే అంత మేలన్న అపోహ ఇక్కడే వీగిపోతుంది. పళ్ళ బిగువున భరించే నొక్కుడుకు నాడీవ్యవస్థ సడలడానికి బదులు మరింత బిగుసుకోగలదు.

కరిగేవి, కరగనివి

లాక్టిక్ ఆమ్లం కథను ఒకసారి పరిష్కరించుకోవాలి. కష్టమైన వ్యాయామం తర్వాత కండరాల్లో లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం ఒంట్లో ఉండే రూపం) పోగుపడుతుందని, మర్దన దాన్ని బయటికి తోసేస్తుందని ఇప్పటికీ శిక్షణ పుస్తకాల్లో కనిపిస్తుంది. లాక్టేట్ అసలు విషపదార్థమే కాదు. గుండె, కాలేయం, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి, వ్యాయామం ఆపిన గంట గంటన్నర లోపు దాని స్థాయి తనంతట తానే మామూలుకు వచ్చేస్తుంది. ఒకటి రెండు రోజుల తర్వాత పట్టే కండరాల నొప్పికీ దానికీ సంబంధం లేదు. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఇంకో అడుగు ముందుకు వేసి, వ్యాయామం ముగిసిన వెంటనే చేసిన మర్దన రక్తప్రవాహానికి అడ్డుపడి లాక్టేట్ తొలగడాన్ని కొంత ఆలస్యం చేసిందని చూపారు. గట్టిగా పిసికే ప్రతిసారీ అక్కడి రక్తనాళం ఒక్క క్షణం మూసుకుపోతుందని గుర్తు చేసుకుంటే ఇది ఆశ్చర్యపడవలసిన ఫలితం కాదు.

మలినాలు బయటికి పోతాయన్న మాటకైతే అసలు ఆధారమే లేదు. ఏ మలినం, ఎక్కడ పేరుకుంది, మర్దనకు ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత తగ్గింది అని అడిగితే జవాబు చెప్పగలవారు లేరు. ఆ పని మూత్రపిండాలు, కాలేయం రాత్రింబవళ్ళు చేస్తూనే ఉన్నాయి. కండరాలను చుట్టి ఉండే దళసరి పొరలను చేతితో నొక్కి సాగదీస్తామన్న వాదనా ఇలాంటిదే. తొడ పక్కనుండే పొరనూ అరికాలి పొరనూ ఒక్క శాతం కుదించాలన్నా మనిషి చేతికి సాధ్యం కానంత బలం కావాలని 2008లో వెలువడిన ఒక గణిత నమూనా తేల్చింది.

ఇంత చెప్పాక, కండరంలో ఏమీ జరగదని అనుకోవడం కూడా తొందరపాటే అవుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాన్ని 2012లో ప్రచురించారు. పదకొండు మంది యువకుల చేత అలసి సొలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక తొడకు మాత్రమే పది నిమిషాలు మర్దన చేసి, రెండో తొడను అలాగే వదిలేశారు. ఆపైన రెండు తొడల్లోంచీ సూదితో రవ్వంత కండరాన్ని తీసి పోల్చారు. ఒకే మనిషి, ఒకే శ్రమ, ఒకే రక్తం. తేడా అల్లా ఆ పది నిమిషాలే. మర్దన చేసిన తొడలో వాపును ప్రేరేపించే రసాయన సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెంపుకు తోడ్పడే సంకేతాలు హెచ్చాయి. లాక్టేట్‌లో మాత్రం ఏ తేడా కనిపించలేదు. పదకొండు మంది మీద చేసిన ప్రయోగం కాబట్టి దీని మీద పెద్ద మేడలు కట్టకూడదు, కానీ ఒత్తిడి అనే యాంత్రిక చర్యను కణం రసాయన భాషలోకి మార్చుకోగలదనడానికి ఇది చక్కని సాక్ష్యం.

క్రీడాకారుల విషయం ఇక్కడితో ముగించవచ్చు. 29 అధ్యయనాలను, వెయ్యి మందికి పైగా క్రీడాకారుల వివరాలను కలిపి 2020లో వేసిన లెక్కలో మర్దన వల్ల బలం, పరుగు వేగం, ఎగిరే ఎత్తు, ఓర్పు వీటిలో ఏదీ పెరగలేదు. కండరాల సాగుడుతనం కొద్దిగా పెరిగింది, మర్నాటి ఒళ్ళునొప్పులు కొద్దిగా తగ్గాయి.

నొప్పికి మోతాదు

క్రమం తప్పని మర్దనకు అన్నింటికన్నా గట్టి ఆధారం దీర్ఘకాలపు నొప్పుల విషయంలోనే దొరుకుతుంది, అందులోనూ నడుంనొప్పి ముందుంటుంది. అమెరికాలో 401 మంది దీర్ఘకాల నడుంనొప్పి రోగులను లాటరీ పద్ధతిలో మూడు బృందాలుగా విడదీసి చేసిన ప్రయోగాన్ని 2011లో ప్రచురించారు. ఒక బృందానికి నొప్పికి మూలమైన కండరాలను, కీళ్ళను వెతికి పట్టి చేసే ప్రత్యేక మర్దన ఇచ్చారు, రెండో దానికి ఒంటికి విశ్రాంతినిచ్చే మామూలు మర్దన ఇచ్చారు, మూడో బృందం ఎప్పటి వైద్యాన్నే కొనసాగించింది. వారానికి ఒకటి చొప్పున పది వారాలు గడిచేసరికి మర్దన పొందిన రెండు బృందాల్లోనూ మూడో వంతుకు పైగా జనం నొప్పి బాగా తగ్గిందనో పూర్తిగా పోయిందనో చెప్పారు. మామూలు వైద్యంలో ఉన్నవారిలో పాతికమందికి ఒక్కరే అలా చెప్పారు. దైనందిన పనులు చేసుకోగలగడంలో వచ్చిన మెరుగు ఆరు నెలల వరకూ కొంత నిలిచింది, ఏడాది అయ్యేసరికి దాదాపు మాసిపోయింది. నాకు ఇందులో అన్నింటికన్నా ముఖ్యంగా తోచింది ప్రత్యేక మర్దనకూ మామూలు మర్దనకూ తేడా కనిపించకపోవడం. ఫలానా కండరాన్ని ఫలానా కోణంలో నొక్కడమే కిటుకైతే మొదటి బృందం ముందుండాలి కదా. ఇద్దరికీ సమానంగా మేలు జరిగిందంటే, పని జరిగింది నాడీవ్యవస్థలోనని చెప్పుకున్న మాటకు ఇది బలం చేకూరుస్తుంది.

అయితే ఇలాంటి మంచి ప్రయోగాలు కొన్నే. నడుంనొప్పికి మర్దన మీద జరిగిన 25 ప్రయోగాలను 2015లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ జల్లెడ పట్టి, స్వల్పకాలంలో నొప్పి తగ్గుతున్నట్టు కనిపిస్తోంది గానీ ఆధారాల నాణ్యత బలహీనంగా ఉన్నందున ఈ ఫలితం మీద తమకు గట్టి నమ్మకం లేదని రాసింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కొత్తగా పట్టిన నడుంనొప్పికి మాత్రల కన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వేడి కాపడంతో పాటు మర్దననూ చేర్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుంనొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ మర్దనకు షరతులతో చోటు దక్కింది. ఆధారం బలహీనమని ఒప్పుకుంటూనే సిఫారసు చేయడం వైరుధ్యంలా కనిపించవచ్చు. దీర్ఘకాల నడుంనొప్పికి ఉన్న ఇతర మార్గాల్లో చాలావాటి ఆధారమూ అంతంతమాత్రమేననీ, సరిగా చేసిన మర్దనకు హాని చాలా తక్కువనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నిర్ణయం అర్థమవుతుంది.

ఇక మోతాదు సంగతి. మందుకు మిల్లీగ్రాముల లెక్క ఉన్నట్టే మర్దనకూ నిమిషాల లెక్క, వారాల లెక్క ఉండాలని చాలాకాలం ఎవరికీ తట్టలేదు. 2014లో వెలువడిన ఒక ప్రయోగంలో దీర్ఘకాల మెడనొప్పి ఉన్న 228 మందికి నాలుగు వారాల పాటు వేర్వేరు మోతాదుల్లో మర్దన ఇచ్చారు: కొందరికి అరగంట చొప్పున వారానికి రెండు మూడు సార్లు, కొందరికి గంట చొప్పున వారానికి ఒకటి, రెండు లేదా మూడు సార్లు. అరగంట మర్దన పొందినవారికీ, ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గంట చొప్పున వారానికి రెండు మూడు సార్లు చేయించుకున్నవారిలో స్పష్టమైన మెరుగు కనిపించింది. మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్న 125 మందిపై జరిగి 2012లో వెలువడిన మరో ప్రయోగంలోనూ గంట మర్దనే అరగంట కన్నా మెరుగ్గా తేలింది. కాకపోతే అక్కడ వారానికి ఒకసారి సరిపోయింది, రెండోసారి వల్ల అదనంగా ఒనగూడిందేమీ లేదు. అంటే మోతాదు అన్ని నొప్పులకూ ఒకటి కాదు, నెలకోసారి అరగంట చేయించుకుని గుణం లేదనుకునేవారు నిజానికి చికిత్సను పరీక్షించినట్టే కాదు.

మరి ఆపకుండా సాగిస్తే? మోకాలి నొప్పి మీదే 222 మందితో ఏడాది పాటు సాగి 2019లో వెలువడిన ప్రయోగం దీనికి జవాబు వెతికింది. మొదటి ఎనిమిది వారాలు వారానికోసారి ఇచ్చిన మర్దన, ఊరికే చేయి ఆనించి ఉంచే స్పర్శ కన్నా, మామూలు వైద్యం కన్నా స్పష్టంగా మెరుగైన ఫలితం ఇచ్చింది. ఆ తర్వాత కొందరికి రెండు వారాలకోసారి మర్దనను ఏడాది చివరి వరకూ కొనసాగించారు. వచ్చిన మెరుగు నిలబడింది, కానీ అంతకు మించి పెరగలేదు. ఏడాది చివర అన్ని బృందాలనూ పోల్చితే గణనీయమైన తేడా మిగలలేదు. క్రమం తప్పకుండా చేయించుకుంటే ఆరోగ్యం మెట్టు మెట్టుగా పైకి పోతూనే ఉంటుందని ఆశించేవారు ఈ ఫలితం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మొదటి కొన్ని వారాల దగ్గర దగ్గరి మర్దన ఒక మెట్టు ఎక్కిస్తుంది. ఆ మెట్టు మీద నిలబడి ఉన్న వ్యవధిలో నడక, వ్యాయామం, కూర్చునే తీరు మార్చుకోవడం, నిద్ర లాంటివాటితో మిగతా మెట్లు మనమే ఎక్కాలి. నొప్పి భయంతో కదలడం మానేసిన మనిషికి కదలడానికి దొరికిన ఆ వ్యవధి చిన్న సంగతి కాదు.

మనసు వైపు

మర్దన మీద వచ్చిన సమీక్షల్లో నేను తరచూ తిరగేసేది 2004లో వచ్చిన ఒక మదింపు. 37 అధ్యయనాలను కలిపి చూసిన ఆ లెక్కలో ఒక్కసారి చేసిన మర్దన అప్పటికప్పుడు కలిగే ఆందోళనను, రక్తపోటును, గుండె వేగాన్ని తగ్గించింది. వరుసగా కొన్నిసార్లు చేసినప్పుడు, మనిషి స్వభావంలో భాగంగా స్థిరపడిపోయిన ఆందోళన, కుంగుబాటు తగ్గాయి, అది కూడా మాటల ద్వారా చేసే మానసిక చికిత్సతో పోల్చదగ్గంతగా తగ్గాయి. నొప్పి విషయంలోనూ ఇదే తీరు: ఒక్కసారి మర్దనతో అప్పటికప్పుడు కొలిచిన నొప్పిలో గణనీయమైన తగ్గుదల లేదు, పలుమార్లు చేసిన తర్వాత కొన్నాళ్ళకు కొలిచినప్పుడు ఉంది. క్రమం అన్న మాటకు అసలైన విలువ ఇక్కడ కనిపిస్తుంది. 2016లో వెలువడిన ఒక చిన్న ప్రయోగం కూడా దీనికి దగ్గరగానే ఉంది: నిత్యం ఏదో ఒక విషయానికి ఆందోళన పడే రుగ్మత (జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్) ఉన్న 47 మందిలో, వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు స్వీడిష్ మర్దన పొందినవారికి తేలికపాటి స్పర్శ పొందినవారి కన్నా లక్షణాలు ఎక్కువగా తగ్గాయి.

ఎలా తగ్గుతాయన్న దానికి చాలాకాలం కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పేరు చెప్పారు. మర్దన వల్ల కార్టిసాల్ 31 శాతం తగ్గుతుందన్న అంకె ఒక సమీక్ష నుంచి బయల్దేరి లెక్కలేనన్ని వ్యాసాల్లోకి పాకింది. కార్టిసాల్ ఉదయం హెచ్చుగా ఉండి పొద్దు గడిచే కొద్దీ తనంతట తానే తగ్గుతుంది. ఒక గంటసేపు విశ్రాంతిగా పడుకున్నా కొంత తగ్గవచ్చు. ఇలాంటివన్నీ తీసివేసి, మర్దన లేని బృందంతో సరిగా పోల్చి 2011లో మళ్ళీ లెక్క కట్టినప్పుడు మర్దన వల్ల కలిగే తేడా చాలా స్వల్పమనీ, చాలా సందర్భాల్లో సున్నాతో సమానమనీ తేలింది. ఆందోళన తగ్గడం నిజం, కార్టిసాల్ వల్ల తగ్గుతోందన్న వివరణ మాత్రం నిలవలేదు. వివరణ వీగినంత మాత్రాన అనుభవం అబద్ధం కాదన్న ఎరుక ఈ విషయంలో మనకు చాలా అవసరం.

క్యాన్సర్ రోగుల అనుభవం మరో చిక్కును ముందుకు తెస్తుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో మూడేళ్ళలో మర్దన పొందిన 1,290 మంది రోగుల నమోదులను 2004లో ప్రచురించారు. నొప్పి, అలసట, ఆందోళన, వికారం లాంటి బాధల తీవ్రత సగటున దాదాపు సగానికి తగ్గింది. అక్కడ పోల్చడానికి వేరే బృందం లేదు. 2008లో ముదిరిన క్యాన్సర్ ఉన్న 380 మందితో జరిగిన ప్రయోగంలో ఆ లోటు తీర్చారు: సగం మందికి మర్దన, మిగతా సగానికి ఊరికే చేతులు ఆనించి ఉంచే స్పర్శ ఇచ్చారు. మర్దన పొందినవారికి ఆ పూట నొప్పి, దిగులు ఎక్కువగా తగ్గాయి. వారాలు గడిచాక చూస్తే రెండు బృందాలూ మెరుగుపడ్డాయి, వాటి మధ్య తేడా మిగలలేదు. దీన్ని చదివి మర్దన పనిచేయలేదని ఒకరు అనవచ్చు, స్పర్శ పనిచేసిందని మరొకరు అనవచ్చు. చక్కెర మాత్ర ఇచ్చినట్టు నకిలీ మర్దన ఇవ్వడం కుదరదు, ఎందుకంటే నకిలీగా ఇచ్చే ఆ స్పర్శలోనే అసలు మందు కొంత ఉంది. మర్దన పరిశోధన ఎన్నటికీ పూర్తిగా తప్పించుకోలేని ఇబ్బంది ఇది.

మా అమ్మ చివరి నెలల్లో మంచాన ఉన్నప్పుడు ఆమె ముంజేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా నిమురుతూ కూర్చునేవాణ్ణి. ఆ పాతిక సెంటీమీటర్లకు ఏడెనిమిది సెకన్లు పట్టేది. పది పదిహేను సార్లు అయ్యేసరికి ఊపిరి నెమ్మదించేది, గుప్పిట బిగించిన వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకునేవి. నొప్పి తగ్గిందా అని అడిగితే ఒకసారి, "ఉందిలే నాన్నా, కాస్త దూరంగా ఉంది" అంది. నొప్పి ఎంత ఉందన్నదీ, అది ఎంతగా బాధిస్తోందన్నదీ మెదడు వేర్వేరుగా లెక్కగడుతుందని నేను పుస్తకాల్లో చదివింది ఆ తర్వాతే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో మాత్రం స్పర్శ ఫలితాన్ని తక్కెడ మీదే తూచవచ్చు. అమెరికా మనస్తత్వవేత్త టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో ప్రచురించిన అధ్యయనంలో, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు పది రోజుల పాటు నిమిరి, కాళ్ళూ చేతులూ మెల్లగా ఆడించిన బిడ్డలు తక్కిన బిడ్డల కన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు, ఆరు రోజుల ముందే ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళారు. తర్వాతి ప్రయోగాలన్నింటినీ కలిపి కాక్రేన్ సంస్థ 2004లో చూసినప్పుడు ఆ మేలు రోజుకు సుమారు ఐదు గ్రాముల అదనపు బరువుగా తేలింది, ప్రయోగాల నాణ్యత మీద అనుమానాలూ వ్యక్తమయ్యాయి. అంకె తగ్గింది గానీ దిశ మారలేదు. పసిబిడ్డకు మర్దన మీద ఆశ గానీ నమ్మకం గానీ ఉండే అవకాశం లేదని గుర్తుంచుకుంటే ఆ ఐదు గ్రాములు బరువైనవే.

చేయి ఆగవలసిన చోట్లు

హాని తక్కువన్నాను గానీ లేదనలేదు. అన్నింటికన్నా ముఖ్యమైనది కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే, ముఖ్యంగా దూర ప్రయాణం లేదా శస్త్రచికిత్స తర్వాత అలా ఉంటే, దాన్ని కండరాల పట్టు అనుకుని పిసకడం ప్రాణాల మీదికి తేగలదు. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అలాంటి కాలిని ముట్టుకోకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి గట్టి నొక్కుడు వల్ల లోపల రక్తం చిమ్మి కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారినవారికి పక్కటెముకలు, వెన్నుపూసలు విరగవచ్చు. మెడ ముందు భాగంలోనూ పక్కల్లోనూ మెదడుకు వెళ్ళే ధమనులు ఉంటాయి కాబట్టి అక్కడ లోతుగా నొక్కకూడదు, మెడను విసురుగా తిప్పి చిటుక్కుమనిపించడం మర్దనలో భాగం కానే కాదు. జ్వరం, చర్మపు పుండ్లు, అంటుకునే చర్మరోగాలు ఉన్నప్పుడు వాయిదా వేయాలి. క్యాన్సర్ ఉన్నవారికి మర్దన చేస్తే వ్యాధి పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. అయినా కణితి మీద, రేడియేషన్ పడిన చర్మం మీద, శోషరస గ్రంథులు తీసేసిన వైపు చేతి మీద ఒత్తిడి పెట్టకూడదు, చికిత్స చేస్తున్న వైద్యుడితో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. నడుంనొప్పితో పాటు మూత్రం పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం వీటిలో ఏది ఉన్నా అది మర్దనతో పోయే నొప్పి కాదు.

ఇవేవీ లేనివారు మొదలుపెట్టదలిస్తే, మొదటిరోజే వాడుతున్న మందులు, పాత గాయాలు, శస్త్రచికిత్సలు చెప్పాలి. అవేవీ అడగకుండా పడుకోమనేవారి దగ్గర పడుకోకపోవడం మంచిది. ఒత్తిడి ఎంత ఉండాలో నిర్ణయించేది చేయించుకునే మనిషే, ఊపిరి బిగపట్టవలసి వచ్చిందంటే అది ఎక్కువైనట్టే. మొదలుపెట్టే ముందు కొలవదగ్గ ఒకటి రెండు సంగతులు రాసి పెట్టుకోవాలి: మెడ ఎటువైపు ఎంతవరకు తిరుగుతోంది, నొప్పి లేకుండా ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, నొప్పి మాత్రలు వారానికి ఎన్ని పడుతున్నాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు సరైన మోతాదులో చేయించుకున్నాక మళ్ళీ అవే కొలిచి చూడాలి. కొలతలు మారి ఉంటే వ్యవధి పెంచుకుంటూ, వారానికోసారిని రెండు వారాలకోసారిగా మార్చి, ఆ మెరుగు ఎన్నాళ్ళు నిలుస్తోందో గమనించవచ్చు. అది చెదరడానికి పట్టే కాలమే ఆ మనిషికి తగిన విరామం. కొలతలు మారకపోతే ఇంకా గట్టిగా నొక్కమని అడగడం వల్ల ప్రయోజనం లేదు, ఆ నొప్పికి వేరే కారణం ఏమిటో వైద్యుడి చేత వెతికించుకోవాలి.